జపనీస్ స్టీక్‌హౌస్ వంటలు మన ఇంటి పెనం మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే తెలుగు ఇళ్ళలో పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే హిబాచీకి, అంటే కళ్ళముందే వండిపెట్టే జపనీస్ స్టీక్‌హౌస్‌కి, వెళ్ళడం మామూలైపోయింది. పొయ్యి చుట్టూ అందరూ కూర్చుంటారు, మధ్యలో పెద్ద ఇనుప పలక, ఎర్ర టోపీ పెట్టుకున్న షెఫ్ గుడ్డును అట్లకాడ అంచు మీద పగలగొడుతుంటే పిల్లలు కేకలు పెడతారు. తర్వాత వారం ఇంట్లో అదే అన్నం చేద్దామని మొదలుపెడితే ముద్దైపోతుంది, కూరగాయలు నీళ్ళు వదిలేస్తాయి, రొయ్యలు రబ్బరులా సాగుతాయి. డాలస్‌లో మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఈ వంటలు చేస్తున్నాను కాబట్టి తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, వాటన్నిటికీ జవాబులు ఒకచోట రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఇందులో రహస్య సాస్ ఏమీ లేదు. మందపాటి ఇనుము బాగా కాలాలి, దాని వేడి పడిపోకుండా కొద్దికొద్దిగా వేసుకోవాలి, వెన్నా సోయా సాసూ చివర్లో పడాలి. కింద రాసినదంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

కొలతల్లో కప్పు అంటే అమెరికా కప్పు, సుమారు 240 మి.లీ.

హిబాచీ, తెప్పన్‌యాకీ ఒకటేనా?

మనం రెస్టారెంట్లో తినేది తెప్పన్‌యాకీ. తెప్పన్ అంటే ఇనుప పలక, యాకీ అంటే కాల్చినది. హిబాచీ అంటే జపాన్‌లో బొగ్గులు వేసి చలి కాచుకునే గిన్నె, మన కుంపటి లాంటిది. అమెరికాలో మాత్రం ఎలాగో పలక మీద వండేదానికి హిబాచీ అన్న పేరు స్థిరపడిపోయింది, మెనూల మీద కూడా అదే రాస్తారు. ఇక్కడ నేనూ హిబాచీ అనే అంటాను, వెతికేవాళ్ళు ఆ పేరుతోనే వెతుకుతారు కాబట్టి.

ఇది అసలు జపాన్ వంటేనా?

పుట్టింది జపాన్‌లోనే, పెరిగింది అమెరికాలో. కోబె నగరంలో మిసోనో అనే రెస్టారెంట్ 1945లో ఇనుప పలక మీద బీఫ్ కాల్చి పెట్టడం మొదలుపెట్టింది, యుద్ధం తర్వాత అక్కడున్న విదేశీయులకు అది బాగా నచ్చింది. అమెరికాకు దాన్ని ఆటపాటలతో తెచ్చినవాడు రాకీ అయోకి. కుస్తీ పోటీల మనిషి, న్యూయార్క్ హార్లెమ్‌లో ఐస్‌క్రీమ్ బండి నడిపి డబ్బు కూడబెట్టి, 1964లో మన్‌హాటన్ వెస్ట్ 56వ వీధిలో నాలుగు టేబుళ్ళతో బెనిహానా అనే రెస్టారెంట్ తెరిచాడు. ఆ పేరు టోక్యోలో వాళ్ళ అమ్మానాన్నల కాఫీ షాపుది. బెనిహానా అంటే కుసుమ పువ్వు, మనం కుసుమ నూనె తీసే మొక్కే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది "అసలైన జపాన్ రెసిపీ" కోసం వెతికి వెతికి విసిగిపోతారు. ఆ తెల్ల సాస్, ఆ అల్లం డ్రెస్సింగ్, వెన్నలో తేలే ఫ్రైడ్ రైస్, ఇవి అమెరికా జపనీస్ స్టీక్‌హౌస్ రుచులు. జపాన్‌లో తెప్పన్‌యాకీకి వెళితే చాలావరకు నిశ్శబ్దంగా, ఖరీదుగా ఉంటుంది, మాంసం పక్కన వేయించిన వెల్లుల్లి రేకులు, ఉప్పు, పొంజు (సోయా, నిమ్మజాతి పళ్ళ రసం కలిపిన పుల్లటి సాస్) పెడతారు, భోజనం చివర్లో వెల్లుల్లి అన్నం వస్తుంది. రెండూ మంచివే, కానీ మీ పిల్లలు అడుగుతున్నది మొదటిది.

పెద్ద గ్రిడిల్ (చదునైన ఇనుప పలక ఉన్న పొయ్యి) కొనకుండా కుదరదా?

కుదురుతుంది. మన ఇంట్లో దోసె పెనం ఉంది కదా, మందపాటి పోత ఇనుముదైతే అదే తెప్పన్. దోసెలకి వాడేదాని మీద మాత్రం రొయ్యలూ చికెనూ చేయొద్దు, వాసన పట్టేస్తుంది, ఆ తర్వాత దోసె లేవదు. విడిగా ఒక 12 అంగుళాల క్యాస్ట్ ఐరన్ స్కిల్లెట్ కొనుక్కోండి, అమెరికాలో అది పెద్ద ఖరీదు కాదు, జీవితాంతం ఉంటుంది. నాన్‌స్టిక్ వద్దు. మనకి కావలసిన వేడికి ఆ పూత పాడవుతుంది, 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఊపిరికి మంచిది కాని పొగలు కూడా వస్తాయి.

పెనం కాలిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఒక నీటి చుక్క వేయండి. చుయ్యిమని అక్కడే ఆవిరైపోతే ఇంకా చాలదు. చుక్క ముత్యంలా గుండ్రంగా అయి పెనమంతా పరుగెత్తితే అప్పుడు సరిపోయినట్టు. దోసెకి మనం నీళ్ళు చిలకరించి, గుడ్డతో తుడిచి వేడి తగ్గిస్తాం, ఎక్కువ కాలితే పిండి పరుచుకోదు కాబట్టి. ఇక్కడ లెక్క పూర్తిగా తలకిందులు. చేతికి అలవాటైన ఆ పని ఆపుకోవడానికే నాకు కొన్నాళ్ళు పట్టింది.

పెరట్లో చోటుండి తరచూ పదిమందికి వండేవాళ్ళైతే 36 అంగుళాల గ్యాస్ గ్రిడిల్ నిజంగా సుఖం, అన్నం ఒక పక్క, కూరగాయలు ఒక పక్క, మాంసం ఇంకో పక్క నడుస్తాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్యాస్ గ్రిల్లు చాలాచోట్ల పెట్టనివ్వరు, కొనేముందు లీజు కాగితం చూసుకోండి. టేబుల్ మీద పెట్టే ఎలక్ట్రిక్ గ్రిడిల్ సరదాకి బాగుంటుంది, కానీ పచ్చి చికెన్ పడగానే దాని వేడి కూలిపోతుంది.

నా కూరగాయలూ చికెనూ ఎందుకు నీళ్ళు వదులుతున్నాయి?

పెనం నిండా వేస్తున్నారు కాబట్టి. నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే అనిపిస్తుంది నాకు. రెస్టారెంట్లో ఆ పలక అంగుళం దాకా మందం ఉంటుంది, కింద పెద్ద బర్నర్లు, ముక్కలు పడినా దాని వేడి దిగదు. మన స్టవ్ మీద ఒక పౌను చికెన్ ఒకేసారి పడేస్తే ఇనుము చల్లబడుతుంది, ముక్కల నుంచి వచ్చిన నీరు ఆవిరి కాకుండా అక్కడే నిలుస్తుంది, ఇక అది వేపుడు కాదు, ఉడకడం. మాంసం మీద గోధుమరంగు పట్టి ఆ కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి, నీళ్ళున్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది.

అందుకని ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంచండి, రెండు మూడు వాయలుగా వేయించండి. గారెలు వేసేటప్పుడు మూకుడు నిండా వేయం కదా, ఇదీ అంతే. ఇంకొకటి, ముక్కల్ని వేసేముందు పేపర్ టవల్‌తో గట్టిగా అద్ది తడి తీసేయాలి. వేశాక కదపొద్దు. గరిటె చేతిలో ఉంటే తిప్పకుండా ఉండలేం, తెలుసు, అయినా రెండు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడండి.

జుకినీని (దోసకాయలా కనిపించే ఒక కూరగాయ) వేలి మందాన పొడుగ్గా కోయండి, సన్నగా కోస్తే కూరైపోతుంది. ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా, పుట్టగొడుగులు సగానికి. ముందు ఉల్లిపాయ, తర్వాత జుకినీ, పుట్టగొడుగులు వేరే వాయలో, వాటిలో నీరు మరీ ఎక్కువ. ఉప్పు చివర్లోనే, ముందు వేస్తే నీరంతా బయటికి లాగుతుంది. దించేముందు ఒక టీస్పూన్ సోయా సాస్, కాస్త వెన్న, మిరియాల పొడి, వేయించిన నువ్వులు. అంతే.

ఫ్రైడ్ రైస్‌కి ఏ బియ్యం? సోనా మసూరి పనికొస్తుందా?

రెస్టారెంట్లో చాలావరకు కాల్‌రోజ్ వాడతారు, కాలిఫోర్నియాలో పండే మధ్యస్థం గింజ, కాస్త జిగురు. ఆ జిగురు వల్లే అన్నం చిన్న చిన్న ఉండలుగా ఉండి చాప్‌స్టిక్స్‌తో తీసుకోవడానికి వస్తుంది, పైన కాస్త కరకర, లోపల మెత్తగా. ఇండియాలో సుషి రైస్ అని దొరికే ప్యాకెట్లు దీనికి దగ్గర.

సోనా మసూరి పనికొస్తుంది, నేను అవసరానికి చాలాసార్లు చేశాను. మామూలుగా పోసే దానికంటే పావు కప్పు నీళ్ళు తగ్గించండి, కుక్కర్లో మూడు విజిల్స్ రానిస్తే మాత్రం ఆశ వదులుకోండి. బాస్మతి వద్దు. దాని వాసన వేరే వంటకి తీసుకెళ్ళిపోతుంది, తింటుంటే బిర్యానీ గుర్తొస్తుంది తప్ప హిబాచీ గుర్తురాదు.

ఏ బియ్యమైనా ముందురోజు వండి ఫ్రిజ్‌లో పెట్టింది కావాలి. చల్లబడ్డ అన్నంలో పైతడి ఆరి గింజ గట్టిపడుతుంది, పెనం మీద విరగదు. ఒక జాగ్రత్త: వండిన అన్నాన్ని రాత్రంతా గిన్నెలో బయట వదిలేయొద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వండినా పూర్తిగా చావదు, గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్ళీ వేయించినా ఆ విషం పోదు. పళ్ళెంలో పలచగా పరిచి ఆవిరి పోనిచ్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి.

సరే, ఫ్రైడ్ రైస్ ఎలా చేయాలో వరసగా చెప్పండి.

నలుగురికి నాలుగు కప్పుల చల్లటి అన్నం తీసుకోండి. చేత్తో తడిమి గడ్డలు విడదీయండి. పెనం కాలాక ఒక టేబుల్‌స్పూన్ నూనె, సగం ఉల్లిపాయ సన్నగా తరిగి, చిన్న క్యారెట్ ఇంకా సన్నగా తరిగి వేసి రెండు నిమిషాలు. వాటిని పక్కకి తోసి రెండు గుడ్లు కొట్టి పోయండి, పెద్ద తునకలుగానే కదపండి, మరీ పొడిపొడి చేయకండి. ఇప్పుడు అన్నం వేసి పెనం మీద పలచగా పరిచి అట్లకాడతో నొక్కండి, ఒక నిమిషం వదిలేయండి, తిప్పి మళ్ళీ నొక్కండి. అడుగున సన్నగా చిటపట వినిపించాలి. అన్నం పూర్తిగా వేడెక్కాక రెండు టేబుల్‌స్పూన్ల వెల్లుల్లి వెన్న మధ్యలో వేసి కరగనిచ్చి కలపండి, తర్వాత టేబుల్‌స్పూన్నర సోయా సాస్, అన్నం మీద కాదు, పెనం అంచుల మీద పోయండి. ఇనుము మీద పడి కాలినప్పుడు వచ్చే వాసనే మనకి కావలసింది. ఉల్లికాడలు, నువ్వులు, మిరియాల పొడి చల్లి దించేయడమే.

రంగు ముదురుగా రాలేదని ఇంకా సోయా పోస్తూ పోకండి. హిబాచీ అన్నం లేత గోధుమరంగులోనే ఉంటుంది, నల్లగా ఉండేది వేరే వంటకం.

ఆ వెల్లుల్లి వెన్న ఏమిటి?

ఒకసారి మా అబ్బాయి పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు టేబుల్ మూలన, షెఫ్ చేతికి బాగా దగ్గరగా కూర్చున్నాను. మాటల్లో పడకుండా ఆ చేతుల్నే చూశాను. నూనె వేసింది రెండుసార్లే, సీసాలోంచి సన్నటి ధారగా. స్టీల్ గిన్నెలో మెత్తగా తెల్లగా ఉన్న వెన్న మాత్రం అన్నంలో ఒక ముద్ద, కూరగాయల్లో ఒక ముద్ద, రొయ్యల్లో ఒకటి, స్టీక్ మీద ఒకటి, ప్రతిదాంట్లోనూ చివర్లోనే. ఇంటికొచ్చాక నా వంటలో మారింది అదొక్కటే, రుచి మాత్రం మొత్తం మారిపోయింది.

అంతకుముందు నేను వెన్న మొదట్లోనే వేసేదాన్ని. వెన్నలోని పాల పదార్థం 175 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మాడడం మొదలవుతుంది, క్యాస్ట్ ఐరన్ మీద వేయగానే నల్లబడి, ఇల్లంతా పొగ నిండి, అలారం మోగి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. కాబట్టి మొదట వేడి తట్టుకునే నూనె, రిఫైన్డ్ వేరుశనగ నూనె గానీ కనోలా గానీ. వెన్న చివరి నిమిషంలో.

చేయడం సులువు. ఉప్పులేని వెన్న అర కప్పు, బయట పెట్టి మెత్తబడనివ్వండి. రెండు వెల్లుల్లి రెబ్బలు మెత్తగా దంచి, రెండు టీస్పూన్ల సోయా సాస్, ఒక టీస్పూన్ నిమ్మరసం వేసి గిలకొట్టండి. వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది. వెన్న బదులు నెయ్యి వేయొచ్చా అని అడుగుతారు. మాడదు, నిజమే, కానీ నెయ్యి వాసన ముందుకొచ్చి మిగతావాటిని కప్పేస్తుంది. వెన్నే వాడండి.

పిల్లలు అడిగే ఆ తెల్ల సాస్, యమ్ యమ్ సాస్?

తెల్ల సాస్, రొయ్యల సాస్, యమ్ యమ్ సాస్, ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు. మయోనీస్ ఒక కప్పు, కెచప్ ఒక టేబుల్‌స్పూన్, కరిగించి చల్లార్చిన వెన్న ఒక టేబుల్‌స్పూన్, పంచదార ఒక టీస్పూన్, రైస్ వెనిగర్ ఒక టీస్పూన్, వెల్లుల్లి పొడి అర టీస్పూన్, పాప్రికా అర టీస్పూన్. రెండు మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళతో పలచన చేయండి, చెంచాలోంచి ధారగా జారాలి.

చేసిన వెంటనే తింటే మయోనీస్ రుచే వస్తుంది, అప్పుడే బాలేదని పారేయకండి. కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. వెల్లుల్లి పొడి నానితేనే సాస్ కుదురుతుంది. పచ్చి వెల్లుల్లి వేస్తే మర్నాటికి ఘాటెక్కిపోతుంది, ఇక్కడ పొడే సరైనది. పాప్రికా లేకపోతే కాశ్మీరీ కారం పావు టీస్పూన్ చాలు. గుంటూరు కారం వద్దండీ, ఇది తియ్యగా, చల్లగా ఉండాల్సిన సాస్.

జపాన్ క్యూపీ మయోనీస్ దొరికితే ఇంకా బాగుంటుంది, అందులో గుడ్డు పచ్చసొనే వాడతారు. ఇండియాలో దొరికే ఎగ్‌లెస్ మయోనీస్‌తో చేస్తే కాస్త తీపి ఎక్కువవుతుంది కాబట్టి పంచదార మానేయండి.

అల్లం సాస్, ఆవ సాస్ కూడా చెప్పండి.

అల్లం సాస్ మిక్సీలో రెండు నిమిషాల పని. చిన్న ఉల్లిపాయ సగం, అంగుళం అల్లం ముక్క, సోయా సాస్ అర కప్పు, రైస్ వెనిగర్ పావు కప్పు, రెండు టీస్పూన్ల నిమ్మరసం, ఒక టీస్పూన్ పంచదార, అన్నీ కలిపి తిప్పండి. మరీ మెత్తగా కాకుండా కాస్త పలుకు ఉండాలి. రొయ్యలకీ చికెన్‌కీ దీన్ని మించింది లేదు, నా ఓటు తెల్ల సాస్‌కి కాదు, దీనికే.

ఆవ సాస్ మాంసానికి పెడతారు. ఒక టేబుల్‌స్పూన్ ఆవపిండిని చన్నీళ్ళతో కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి. వేడినీళ్ళు పోస్తే ఘాటు పుట్టదు, ఆవ పెట్టి కూర చేసే వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తర్వాత రెండు టేబుల్‌స్పూన్ల వేయించిన నువ్వుల పొడి, పావు కప్పు సోయా సాస్, చిన్న వెల్లుల్లి రెబ్బ కలిపి మిక్సీ పట్టి, పావు కప్పు క్రీమ్ కలపండి. మన చిన్న నల్ల ఆవాలకి ఘాటు ఎక్కువ, సగమే వేయండి. పసుపు ఆవపిండి అయితే పూర్తిగా వేయొచ్చు.

ఆ నారింజ రంగు సలాడ్ డ్రెస్సింగ్?

ఉల్లిపాయ ముక్కలు అర కప్పు, నూనె అర కప్పు, రైస్ వెనిగర్ మూడో వంతు కప్పు, అల్లం తరుగు రెండు టేబుల్‌స్పూన్లు, సెలరీ తరుగు రెండు టేబుల్‌స్పూన్లు, కెచప్ రెండు టేబుల్‌స్పూన్లు, సోయా సాస్ ఒక టేబుల్‌స్పూన్, పంచదార రెండు టీస్పూన్లు, నిమ్మరసం, ఉప్పు, మిరియాలు. మిక్సీ పట్టేయడమే. సెలరీ మానేస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది, ఒక్క కాడైనా వేయండి. ఐస్‌బర్గ్ లెట్యూస్ బాగా చల్లగా ఉండాలి, గిన్నెలు కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మంచిది.

భోజనానికి ముందు ఇచ్చే ఆ పలచటి సూప్ వెజిటేరియనేనా?

సాధారణంగా కాదు. చూడటానికి ఉల్లిపాయ నీళ్ళలా తేటగా ఉంటుంది కానీ చికెన్ బ్రాత్ (మాంసం, ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్ళు), చాలాచోట్ల బీఫ్ బ్రాత్ కూడా కలిపి చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు దీన్ని కూరగాయల సూప్ అనుకుని తాగేస్తుంటారు, నాకు చాలా బాధనిపించే విషయం ఇది. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడకి మొదటిసారి ఆ సూప్ గిన్నె ముందు పెట్టినప్పుడు సర్వర్‌ని అడిగితే మాంసం లేదన్నారు, మళ్ళీ లోపలికెళ్ళి కనుక్కొని రమ్మంటే బీఫ్ బ్రాత్ ఉందన్నారు. "మాంసం ఉందా" అని కాదు, "బ్రాత్ దేనితో చేశారు" అని అడగండి. మీసో సూప్‌లో (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది) కూడా దాషి అనే జపాన్ బ్రాత్ ఉంటుంది, అది మామూలుగా ఎండబెట్టిన చేపతో చేసింది. పలక కూడా అందరికీ ఒక్కటే, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఇంట్లో ఆ బాధ లేదు. పెద్ద ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ కాడ, రెండు వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, కొద్ది నూనెలో అంచులు రంగు మారేదాకా వేయించి, ఎనిమిది కప్పుల నీళ్ళు పోసి, నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసి సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచండి. వడకట్టి ఉప్పు, ఒక టీస్పూన్ సోయా సాస్. గిన్నెలో పచ్చి పుట్టగొడుగు రేకులు, ఉల్లికాడలు, బిర్యానీకి వేయించినట్టు వేయించిన ఉల్లిపాయలు కాసిని వేసి పైనుంచి సూప్ పోయండి. మా అత్తగారు ఇప్పుడు చలికాలం వస్తే దీన్నే అడుగుతారు.

రొయ్యలు రబ్బరు కాకుండా ఎలా?

పౌనుకి 16 నుంచి 20 వచ్చే సైజు తీసుకోండి, చిన్నవైతే రంగు వచ్చేలోపే ఉడికిపోతాయి. నల్లనరం తీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. బాగా కాలిన పెనం మీద ఒక పక్క నిమిషంన్నర, తిప్పి ఇంకో నిమిషం. రొయ్య సగం చంద్రుడిలా వంగితే అయినట్టు, సున్నాలా ముడుచుకుపోయిందంటే దాటిపోయినట్టు. వెల్లుల్లి వెన్న, నిమ్మరసం పిండి వెంటనే దించేయండి. మన రొయ్యల వేపుడు అలవాటున్న చేతికి ఇది పచ్చిగా ఉన్నట్టే అనిపిస్తుంది, కాదు, నమ్మండి.

చికెన్‌కి థై (తొడ) ముక్కలు నయం, ముప్పావు అంగుళం ముక్కలు. లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, పది డాలర్ల థర్మామీటర్ ఒకటి ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

స్టీక్ సంగతి?

మేం ఇంట్లో బీఫ్ వండం, కానీ తినే స్నేహితుల ఇంట్లో వాళ్ళ పెనం మీద చేసి పెట్టాను కాబట్టి చెప్పగలను. సర్లాయిన్ గానీ న్యూయార్క్ స్ట్రిప్ గానీ (రెండూ బీఫ్ కోతల పేర్లు) అంగుళం మందం. మ్యారినేడ్ అవసరం లేదు, తడిగా ఉంటే రంగు పట్టదు. ఉప్పు వేస్తే 40 నిమిషాల ముందు వేయండి, లేదా పెనం మీద పెట్టేముందు వేయండి, మధ్యలో వద్దు, పైకొచ్చిన నీరు ఇంకడానికి టైం చాలదు. ముక్క మొత్తంగా రెండు పక్కలా రెండు మూడు నిమిషాలు కాల్చి, తీసి, చదరపు ముక్కలు కోసి, మళ్ళీ పెనం మీద అరనిమిషం వెల్లుల్లి వెన్న, కొద్దిగా సోయాతో. రెస్టారెంట్లలో మీడియం రేర్ (లోపల ఇంకా ఎర్రగా ఉండేది) అంటే దాదాపు 55 డిగ్రీల సెల్సియస్. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం 63 డిగ్రీలు, తర్వాత 3 నిమిషాలు ఆగమంటుంది, పిల్లలకీ గర్భిణులకీ పెట్టేటప్పుడు అదే పాటించండి.

మెనూలో కోబె అని చూసి మోసపోకండి, అసలు కోబె బీఫ్ హ్యోగో ప్రాంతపు తజిమా జాతి పశువులదే, బయటికి చాలా కొద్దిగానే వస్తుంది.

వెజిటేరియన్లకి ఏం చేయాలి?

గట్టి టోఫూ. గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి అరగంట నీరు పోనివ్వండి, పెద్ద ముక్కలు కోసి కార్న్‌ఫ్లోర్ కొద్దిగా అద్ది నాలుగు పక్కలా కాల్చండి. పనీర్ కూడా అద్భుతంగా వస్తుంది, అల్లం సాస్‌తో మరీను. కింగ్ ఆయిస్టర్ పుట్టగొడుగు దొరికితే నాణేల్లా కోసి వెన్నలో కాల్చి చూడండి.

సోయా సాస్ ఏదైనా ఒకటేనా? నువ్వుల నూనె మనదే వాడొచ్చా?

ఒకటి కాదు. మన ఊళ్ళో ఫ్రైడ్ రైస్ బండి దగ్గర వాడే డార్క్ సోయా చైనా తరహాది, రంగు ఎక్కువ. జపాన్ సోయాలో గోధుమ దాదాపు సోయాతో సమానంగా ఉంటుంది, అందుకే వాసన మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. కిక్కోమాన్ హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతోంది, అదొక్కటి కొనుక్కోండి చాలు.

నువ్వుల నూనె విషయంలో చాలామంది పొరబడతారు. మన పప్పు నూనె పచ్చి నువ్వులది, వంటకి బాగుంటుంది కానీ ఆ వాసన రాదు. జపాన్‌ది బాగా వేయించిన నువ్వులది, ముదురు రంగు, చివర్లో పావు టీస్పూన్ చాలు. అది లేకపోతే మన నువ్వులే దోరగా వేయించి దంచి చల్లండి. రైస్ వెనిగర్ లేకపోతే మామూలు తెల్ల వెనిగర్ మూడు వంతులకి ఒక వంతు నీళ్ళు, చిటికెడు పంచదార.

అజినమోటో వేస్తారా?

కొన్నిచోట్ల వేస్తారు. 1908లో కికునే ఇకెదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి ఆ రుచిని వేరుచేశారు, ఉమామి అని పేరు పెట్టింది ఆయనే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షితమనే అంటుంది. నేను వేయను, భయంతో కాదు, సోయా సాస్‌లోనూ పుట్టగొడుగుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి అవసరం కనపడలేదు.

పిల్లలు ఉల్లిపాయ అగ్నిపర్వతం అడుగుతున్నారు. ఇంట్లో చేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఉల్లి చక్రాల్లో నూనె పోసి అంటించే ఆ మంట రెస్టారెంట్లో పెద్ద పొగగొట్టం కింద, శిక్షణ ఉన్న మనిషి చేతిలో జరుగుతుంది. మన స్టవ్ పైన చెక్క అల్మరాలు, పక్కన కర్టెన్లు. పిల్లలకి అంత ఇష్టమైతే ఉల్లి చక్రాలు పేర్చి మధ్యలో మరిగే నీళ్ళు కాసిని పోయండి, ఆవిరి పైకి లేస్తుంది, అది చాలు వాళ్ళకి. పిల్లలు మాత్రం నాలుగడుగుల దూరంలో ఉండాలి.

ఎప్పుడైనా పెనంలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, స్టవ్ కట్టేసి మూత పెట్టేయండి, పెనాన్ని ఎత్తి ఎక్కడికీ తీసుకెళ్ళకండి.

ఎనిమిదిమంది వస్తున్నారు, ఒక్క పెనంతో ఎలా?

ముందురోజు సాస్‌లు, వెల్లుల్లి వెన్న, అన్నం. పొద్దున సూప్, డ్రెస్సింగ్. అతిథులు వచ్చేలోపు కోయడమంతా అయిపోయి గిన్నెల్లో సర్ది ఉండాలి, పెనం వేడెక్కాక కత్తి పట్టుకునే తీరిక ఉండదు. ఓవెన్ 95 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టి, ముందు వెజిటేరియన్లవన్నీ శుభ్రమైన పెనం మీద చేసి లోపల పెట్టండి, తర్వాత అన్నం రెండు వాయలు, తర్వాత చికెన్. రొయ్యలు అందరూ కూర్చున్నాకే. సూప్, సలాడ్ తింటూ ఉండగా మీకు పదిహేను నిమిషాలు దొరుకుతాయి.

కిటికీలు తెరిచి, ఫ్యాన్ పెద్దది వేసుకోండి. చలికాలమైనా సరే.

మిగిలిన అన్నం మర్నాడు?

మైక్రోవేవ్‌లో పెడితే వెన్న విడిపోయి జిడ్డుగా ఉంటుంది. పెనం మీద ఒక చెంచా నీళ్ళు చిలకరించి మూత పెట్టి రెండు నిమిషాలు, మూత తీసి ఇంకో నిమిషం. మూడు రోజుల్లోపు తినేయండి. మా ఇంట్లో దాని మీద పొద్దున్నే ఒక ఆమ్లెట్ వేసి, మిగిలిన అల్లం సాస్ పోసి బాక్సులో సర్దేస్తాను, సాయంత్రానికి బాక్స్ ఖాళీగా వస్తుంది.